తెలిసిన వైద్యం మంచం దాకా ఎందుకు చేరదు?

చెన్నైలో ఏ పెద్దాసుపత్రి వెయిటింగ్ హాల్లో కాసేపు కూర్చున్నా తెలుగు వినిపిస్తుంది. నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్ళు. వాళ్ళ మాటల్లో కొన్ని ఫిర్యాదులు మళ్ళీ మళ్ళీ దొర్లుతుంటాయి. ‘ఒక పేషెంటుని ముట్టుకున్న చేత్తోనే సిస్టరు ఇంకో పేషెంటు దగ్గరికి పోయిందక్కా.’ ‘ఉత్త జలుబేనన్నారు, మళ్ళీ యాంటీబయాటిక్ రాశారు.’ ‘నాన్నకి వీపు మీద పుండు పడింది, పక్కకి తిప్పినవాళ్ళే లేరు.’

వైద్యశాస్త్రం ప్రకారం మూడూ జరక్కూడనివే. వినగానే మనం రెండు తీర్మానాలకు వస్తాం: వాళ్ళకి తెలియదు, లేకపోతే వాళ్ళకి పట్టదు. మొదటిది నిజమైతే ట్రైనింగ్ ఇవ్వాలి, రెండోది నిజమైతే చర్య తీసుకోవాలి. కానీ ఈ విషయం మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన ఎక్కువగా మూడోవైపు వేలు చూపిస్తోంది. తెలిసినవాళ్ళు, చేయాలనుకున్నవాళ్ళు కూడా చేయలేని పరిస్థితులు పనిచేసే చోటే ఉంటాయి. 2024 ఆగస్టులో కలకత్తాలోని ఆర్జీ కర్ ఆసుపత్రిలో ఒక ట్రైనీ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగాక ఆసుపత్రుల్లో పని పరిస్థితుల మీద దేశమంతా చర్చ జరిగింది. అది ప్రధానంగా డాక్టర్ల భద్రత గురించి, విశ్రాంతి గురించి. అవే పరిస్థితులు మంచం మీదున్న మనిషికి అందే వైద్యాన్ని ఎలా మారుస్తాయన్నది అంతగా చర్చకు రాలేదు.

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటే

పరిశోధనలో రుజువైనదాన్ని, వైద్యుడి అనుభవాన్ని, రోగి ఇష్టాయిష్టాల్ని కలిపి నిర్ణయం తీసుకోవడమే ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్. ‘మా ప్రొఫెసర్ గారు ఇలాగే చేసేవారు’, ‘ఇక్కడ ఎప్పుడూ ఇంతే’ అన్నవి చికిత్సకు కారణాలు కాకూడదన్నది దీని సారం. దీనికి మూలమైన ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ అనే పేరు 1990ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో గోర్డన్ గయాట్ బృందం నుంచి వచ్చింది. 1993లో మొదలైన కోక్రేన్ సంస్థ ఒక్కో చికిత్స మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ జల్లెడ పట్టి తేల్చి చెప్పడం పనిగా పెట్టుకుంది. మనకు దగ్గర్లోని వెల్లూరు సీఎంసీ చాలా ఏళ్ళు దానికి దక్షిణాసియా కేంద్రంగా పనిచేసింది.

నిర్వచనంలోని మూడింటిలో అందరూ మరిచిపోయేది చివరిదాన్ని, రోగి ఇష్టాయిష్టాల్ని. రోగికి ఏం కావాలో తెలుసుకోవడానికి సమయం కావాలి, భాష కావాలి. ‘ఆపరేషన్ చేస్తే ఇంత లాభం, ఇంత ప్రమాదం, చేయకుండా మందులతో చూస్తే ఇలా’ అని చిత్తూరు రైతుకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పే మనిషి ఆ ఓపీలో ఉన్నారా? వార్డు బాయ్ చేతో, పక్క మంచం వాళ్ళ చేతో ముక్కలు ముక్కలుగా అనువాదం చేయించి సంతకం తీసుకుంటే, మిగతా రెండూ ఎంత బాగున్నా అది సగం వైద్యమే అవుతుంది. దుబాసీని పెట్టడం, పెట్టకపోవడం డాక్టరు చేతిలో ఉండదు. ఆసుపత్రి చేతిలో ఉంటుంది.

అదే డాక్టరు, రెండు చోట్ల రెండు రకాలుగా

తెలియకపోవడమే కారణమైతే ఒక డాక్టరు ఎక్కడ కూర్చున్నా ఒకేలా చూడాలి. దీన్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి మధ్యప్రదేశ్‌లో జరిగింది, 2016లో అచ్చయింది. ఆర్థికవేత్తలు జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్, మరికొందరు దాన్ని చేశారు. రోగుల్లా నటించడానికి శిక్షణ పొందిన మనుషుల్ని డాక్టర్ల దగ్గరికి పంపారు. కొందరు ప్రభుత్వ డాక్టర్లకు సొంత క్లినిక్కులు కూడా ఉన్నాయి. అవే లక్షణాలు చెప్పినా అదే డాక్టరు ప్రభుత్వాసుపత్రిలో కంటే సొంత క్లినిక్కులో ఎక్కువసేపు చూశాడు, ఎక్కువ ప్రశ్నలడిగాడు, సరైన చికిత్స కూడా ఎక్కువసార్లు ఇచ్చాడు. అవసరం లేని మందులు రాయడం మాత్రం రెండు చోట్లా ఎక్కువే.

దీన్ని రెండు విధాలుగా చదవచ్చు. డబ్బు వచ్చే చోట మనసు పెడుతున్నాడు, కాబట్టి ఇది బాధ్యతకు సంబంధించిన సమస్య అని ఒకటి. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది కాబట్టి ఏర్పాటునే చూడాలని రెండోది. రెండింటిలోనూ నిజముంది. అయితే ‘ఇంకో వర్క్‌షాప్ పెడితే సరిపోతుంది’ అనే వాదన మాత్రం రెండింటి ముందూ నిలవదు.

చేతులు కడుక్కోవడంలో ఎంత లెక్క ఉందో

1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కాన్పు వార్డులో డాక్టర్ల చేత చేతులు కడిగించి తల్లుల మరణాలు తగ్గించి చూపించాడు. ఇంతకంటే పాత, ఇంతకంటే తేలికైన రుజువు వైద్యంలో దొరకడం కష్టం. అయినా జెనీవాలోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో డిడియర్ పిట్టే బృందం 1994లో నిలబడి గమనిస్తే, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతంలోనే చేసుకున్నారు. పని ఒత్తిడి పెరిగేకొద్దీ, అంటే అవసరం ఎక్కువయ్యేకొద్దీ, పాటించడం తగ్గింది.

ఎందుకో ఒక నర్సు డ్యూటీ లెక్క వేస్తే తెలుస్తుంది. 8 గంటల డ్యూటీ, గంటకు 10 సందర్భాలు అనుకుందాం. మొత్తం 80. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు సబ్బు, నీళ్ళతో కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. సింకు వార్డు చివర ఉంటే పోయి రావడానికి ఇంకో 30 సెకన్లు. ఒక్కోసారికి 90 సెకన్ల లెక్కన 80 సార్లకు సరిగ్గా 2 గంటలు. అంటే డ్యూటీలో పావు భాగం చేతులు కడగడానికే పోవాలి. అదే మంచం పక్కనే ఆల్కహాల్ ద్రావణం, వార్డుల్లో అందరూ స్టెరిలియం అనేది, ఉంటే 30 సెకన్ల చొప్పున 40 నిమిషాల్లో అయిపోతుంది. మనిషి అదే, తెలివి అదే, మనస్సాక్షి అదే. సీసా ఎక్కడ పెట్టారన్న ఒక్క విషయం దగ్గర 80 నిమిషాల తేడా వచ్చింది.

జెనీవాలో చేసింది ప్రధానంగా ఇదే. మంచాల దగ్గర సీసాలు పెట్టారు, పోస్టర్లు అంటించారు, ఎంతమంది పాటిస్తున్నారో చూసి వాళ్ళకే చెప్పారు, యాజమాన్యం వెనక నిలబడింది. 1997కి 48 శాతం 66 అయింది. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9కి దిగాయి. కానీ ఈ ఫలితంలోనే ఒక ముల్లుంది: నర్సులు, నర్సింగ్ సహాయకులు బాగా మెరుగుపడ్డారు, డాక్టర్లు పెద్దగా మారలేదు. సీసా అందరికీ ఒకే దూరంలో ఉంది. కాబట్టి ఏర్పాటు ఒక్కటే అన్నీ చేసేస్తుందనడం కూడా కుదరదు. ఎవరిని ఎవరు ప్రశ్నించగలరన్నది కూడా పని పరిస్థితే, దాని దగ్గరికి వస్తాను.

నైట్ డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు, ముప్ఫై మంచాలు

వీపు మీద పడే పుండు, అంటే బెడ్ సోర్ సంగతి చూద్దాం. కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నర్సింగ్ పాఠాల్లో ఉంటుంది. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇద్దరు సిస్టర్లు, 30 మంచాలు, అందులో తిప్పాల్సినవాళ్ళు ఆరుగురు అనుకుందాం. తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. షీటు సర్ది, వీపు, మడమలు ఎర్రబడ్డాయేమో చూసి, చార్టులో రాసేసరికి ఒక్కొక్కరికి 8 నిమిషాలు. ఆరుగురికి 48.

ప్రతి 120 నిమిషాల్లో ఇద్దరికీ 48 నిమిషాలు ఇలా పోతే, ఇద్దరికీ కలిపి మిగిలేది 144 నిమిషాలు. 30 మందికి పంచితే మనిషికి 5 నిమిషాలు కూడా రాదు. బీపీలు, ఇంజెక్షన్లు, అయిపోయిన సెలైన్ మార్చడం, కొత్త అడ్మిషన్, ఫోన్లు, ‘సిస్టర్, మా అమ్మకి నొప్పి’ అని వచ్చే పిలుపులు అన్నీ అందులోనే. మూడో సిస్టరు ఉంటే మిగిలేది 264 నిమిషాలు, మనిషికి దాదాపు 9. ఒక్కరు పెరిగితే రోగికి దొరికే సమయం దాదాపు రెట్టింపైంది. సిస్టరుతో కలిసి తిప్పడానికి ఒక ఆయా దొరికినా 6 నిమిషాలు దాటుతుంది.

ఇక్కడే ఇంకో మెలిక. ఆ రెండు గంటల నియమం కూడా రాతిలో చెక్కింది కాదు. అమెరికా, కెనడాల్లోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో జరిగిన టర్న్ అనే అధ్యయనం 2013లో వచ్చింది. మంచి సాంద్రత ఉన్న ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్ళని 2, 3, 4 గంటలకోసారి తిప్పి చూస్తే పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్ళు ఐసీయూ రోగులు కారు, ఫలితాన్ని యథాతథంగా మన వార్డులోకి తేలేం. కానీ ఏది సరైన వైద్యమన్నదే పరుపు మీద ఆధారపడుతోందని మాత్రం అర్థమవుతుంది. గుంటలు పడ్డ రెగ్జిన్ పరుపున్న వార్డుకి ఆ వెసులుబాటు లేదు.

నర్సుల సంఖ్యకు, రోగుల ప్రాణాలకు సంబంధం మీద ఎక్కువగా చెప్పుకునేది అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పని. యూరప్‌లో 9 దేశాల్లోని 300 ఆసుపత్రులు చూసి 2014లో వాళ్ళు చెప్పింది: ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగినప్పుడల్లా ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో మరణించే ముప్పు 7 శాతం పెరిగింది. విమర్శకుల మాట కూడా వినాలి. నర్సులు ఎక్కువున్న ఆసుపత్రిలో పరికరాలు, డాక్టర్లు, డబ్బు కూడా ఎక్కువ ఉండవచ్చు. అలాంటి తేడాల్ని లెక్కలో సర్దినా ఇది సంబంధాన్ని చూపిస్తుందే తప్ప, కారణాన్ని పూర్తిగా రుజువు చేయదు. అమెరికాలోని కాలిఫోర్నియా ఏ వార్డులో ఒక నర్సుకు ఎంతమంది రోగులు మించకూడదో 2004 నుంచి చట్టంతో అమలు చేస్తోంది; ఐసీయూలో అది ఇద్దరికి ఒకరు. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. పైన వేసిన లెక్కలో పదిహేనుమందికి ఒకరున్నారు.

అలసట, డ్యూటీ గంటలు

అమెరికాలో మామూలు క్లినిక్కుల రికార్డులు చూసిన ఒక బృందం 2014లో ఆసక్తికరమైన విషయం చెప్పింది. జలుబు, దగ్గు లాంటి వాటితో వచ్చినవాళ్ళకి యాంటీబయాటిక్ రాసే మొగ్గు, క్లినిక్కు మొదలైన గంటలో కంటే నాలుగో గంటలో 26 శాతం ఎక్కువ. వద్దని వివరించడానికి ఓపిక కావాలి, రాసివ్వడానికి పెన్ను చాలు. యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం మీద మన దేశంలో వైద్య సంఘాలు కలిసి 2012లో చేసిన ప్రకటన పేరు చెన్నై డిక్లరేషన్. అందులోని ఆశయాలు అందరికీ తెలుసు. వంద దాటిన టోకెన్ల ఓపీలో మధ్యాహ్నం ఒంటిగంటకు అవి గుర్తుపెట్టుకుని ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పడం వేరే సంగతి.

డ్యూటీ గంటల మీద వాదన ఇంకా చిక్కుగా ఉంది. 1992లోనే కేంద్రం, శిక్షణలో ఉంటూ పనిచేసే రెసిడెంట్ డాక్టర్ల పని మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని ఆదేశమిచ్చింది. 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్ ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని, ఒకరోజు సెలవుండాలని సిఫారసు చేసింది. ముప్ఫై రెండేళ్ళ తర్వాత పరిమితి తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, వాస్తవంలో ఎంత పని చేయిస్తున్నారో ఊహించుకోవచ్చు.

గంటలు తగ్గిస్తే పొరపాట్లు తగ్గుతాయా? 2004లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, 24 గంటలు దాటే డ్యూటీలున్న పాత పద్ధతిలో ఇంటర్నులు 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. తేలిపోయిందనుకున్నారు. 2016లో అక్కడే 117 సర్జరీ శిక్షణ కార్యక్రమాల్లో జరిగిన ఇంకో ప్రయోగంలో, శిక్షణలో ఉన్న డాక్టర్ల డ్యూటీ గంటల నిబంధన సడలించినా రోగుల మరణాలు, తీవ్రమైన సమస్యలు పెరగలేదు. రోగి ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు చేతికి మారడం తగ్గితే రోగి కథ తెలిసినవాళ్ళే చివరిదాకా ఉంటారని నిబంధన సడలించాలనేవాళ్ళ వాదన. 2020లో పిల్లల ఐసీయూల్లో రోస్టర్స్ అనే ప్రయోగం చేసి పొడవాటి డ్యూటీలు తీసేస్తే పొరపాట్లు పెరిగాయి! తరచి చూస్తే, డ్యూటీ చిన్నదైన చోట ఒక్కో రెసిడెంటు చూసే పిల్లల సంఖ్య పెరిగింది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకుంటే తేడా నిలవలేదు.

ఈ అంశం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ ప్రయోగమే. గంటలు తగ్గించి మనుషుల్ని పెంచకపోతే అలసట ఒక రూపం వదిలి ఇంకో రూపంలో వస్తుంది.

ఎవరి మాట చెల్లుతుంది

నర్సులు పరిశోధనని ఆచరణలో ఎందుకు పెట్టలేకపోతున్నారని అడగడానికి 1991లో తయారైన బ్యారియర్స్ అనే ప్రశ్నావళిని ఆ తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు. ఎక్కువసార్లు పైన నిలిచిన జవాబులు రెండు: సమయం లేదు, పద్ధతి మార్చే అధికారం నాకు లేదు.

అధికారం ఎలా అడ్డొస్తుందో నడుం నొప్పిలో స్పష్టంగా కనిపిస్తుంది. చెన్నైలో ఒక క్లినిక్కులో చేరిన ఫిజియోథెరపిస్టుని ఊహించుకుందాం. మామూలు నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ చికిత్స, ఒంటికి సన్నని కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, టెన్స్ మెషీన్లు ఇవ్వొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో రాసింది. వ్యాయామం, కదలిక, అవగాహన ఇవే ప్రధానమంది. ఆ అమ్మాయికి ఇది కాలేజీలోనే తెలుసు. కానీ క్లినిక్కు పది సిట్టింగుల ప్యాకేజీ ముందే అమ్మేసింది, అందులో మెషీన్లున్నాయి. రెఫర్ చేసిన డాక్టరు చీటీలో ‘ఐఎఫ్‌టీ’ అని రాశాడు. రోగి కూడా ‘కరెంటు పెట్టండమ్మా’ అనే అడుగుతాడు. గంటకు నలుగుర్ని చూడాలి. మెషీను తగిలిస్తే 15 నిమిషాలు అదే నడుస్తుంది, ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళొచ్చు. వ్యాయామం నేర్పించాలంటే పక్కన నిలబడాలి. ఆమె మెషీనే తగిలిస్తుంది. ఇందులో అజ్ఞానం ఎక్కడా లేదు.

భయం కూడా ఇలాగే పనిచేస్తుంది. 2024 నవంబరులో గిండీలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో కేన్సర్ డాక్టరుని ఓ రోగి కొడుకు కత్తితో పొడిచాడు. అలాంటి వార్తల తర్వాత అవసరం లేకపోయినా ఒక స్కాన్, ఎందుకైనా మంచిదని ఒక రెఫరల్ రాయడం చాలామందికి సహజంగా తోస్తుంది. వైద్యం కాగితంలో మెరుగ్గా కనిపిస్తుంది, రోగి ఖర్చు పెరుగుతుంది.

చెక్‌లిస్టులు చెప్పిన రెండు కథలు

మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి తీసుకెళ్ళే ముందు అందరూ ఆగి చదవాల్సిన చెక్‌లిస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో దాన్ని పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయని 2009లో ప్రకటించారు. కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వం తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో తీస్తే చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. కాగితం ఒకటే. ఒకచోట బృందాలకు నేర్పించి, వెంట నిలబడి అమలు చేశారు. రెండోచోట పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తేడాకి కారణం ఇదేనని చాలామంది అంటారు. ఒంటారియోలో మరణాలు ముందే తక్కువ, ఇంకా తగ్గడానికి చోటు లేదని మరికొందరంటారు.

ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రభుత్వ కాన్పు కేంద్రాల్లో జరిగిన బెటర్‌బర్త్ ప్రయోగం ఈ చర్చని ఇంకా లోతుకు తీసుకెళ్ళింది. అక్కడ నర్సులకు చెక్‌లిస్టుతో పాటు పక్కనుండి నేర్పే కోచ్‌లను 8 నెలలు ఇచ్చారు. మొదలైన రెండు నెలలకు సరైన పద్ధతులు పాటించడం 73 శాతానికి చేరింది, కోచ్‌లు లేని చోట 42. కోచ్‌లు వెళ్ళిపోయాక, ఏడాది నాటికి 62 శాతానికి జారింది. 2017లో తుది ఫలితం వచ్చింది: తల్లీబిడ్డల మరణాల్లో తేడా లేదు. మద్దతు దొరికితే నర్సులు సరిగ్గా చేస్తారని ఇది చూపించింది. అలా చేసినా ప్రాణాలు నిలవాలంటే ఇంకేవో కావాలనీ చూపించింది. రక్తం, ఆపరేషన్ సౌకర్యం, పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటు లాంటివి అందులో ఉండవచ్చని నిపుణులు అంటున్నారు.

అనుభవమున్న డాక్టర్లు చాలామంది చేసే అభ్యంతరం ఇంకోటుంది: మార్గదర్శకాన్ని పాటించకపోవడం ప్రతిసారీ లోపం కాదు. షుగరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు కలిసున్న డెబ్భై ఏళ్ళావిడకి ఏ ఒక్క గైడ్‌లైనూ అతకదు. అది న్యాయమైన మాటే, నిర్వచనంలో అనుభవానికి చోటిచ్చింది అందుకే. అయితే ఆలోచించి పక్కన పెట్టడం వేరు, ఆలోచించే తీరిక లేక వదిలేయడం వేరు. కేసు షీటులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందుబాటు, జీతాలు, వెళ్ళిపోయే మనుషులు

కొన్ని అడ్డంకుల్ని విధానాలతోనే తీశారు. తమిళనాడు 1994లో పెట్టిన మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ప్రభుత్వాసుపత్రులకు మందులు కేంద్రీకృతంగా కొని సరఫరా చేస్తూ మిగతా రాష్ట్రాలకు నమూనా అయింది. మందు స్టోరులో ఉంటేనే కదా గైడ్‌లైన్ ప్రకారం రాయగలిగేది. 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు వేల జర్నల్స్ చదివే వీలు వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రుల సిబ్బందికి అది లేదు.

మనుషుల్ని నిలుపుకోవడం మాత్రం ఇంకా తెగని సమస్య. ఐసీయూలో ఇన్ఫెక్షన్ రాకుండా లైన్లు, అంటే రక్తనాళాల్లో పెట్టిన గొట్టాలు, ఎలా చూసుకోవాలో ఏడాది పాటు నేర్చుకున్న సిస్టరు గల్ఫ్‌కో, బ్రిటన్‌కో వెళ్ళిపోతే ఆ అలవాటు ఆమెతోనే పోతుంది. సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 లోపు మంచాలున్న చోట కనీసం నెలకు 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు.

ఖర్చు భరించలేమన్నది యాజమాన్యాల జవాబు. ముప్ఫై మంచాల వార్డుకి రాత్రిపూట ఒక సిస్టరుని పెంచడానికి ఎంతవుతుందో వేసి చూడవచ్చు. జీతం నెలకు 25,000 అనుకుందాం. వారాంతపు సెలవులు, లీవులు కలిపితే ఒక పోస్టుని 30 రాత్రులూ నింపడానికి దాదాపు 1.4 మంది కావాలి, అంటే 35,000. మంచాలన్నీ నిండితే నెలకు 900 మంచం-రోజులు. ఒక మంచానికి రోజుకు 39 రూపాయలు. పీఎఫ్, హాస్టల్, శిక్షణ కలిపి దాన్ని రెట్టింపు చేసినా 80 దాటదు. సగం మంచాలు ఖాళీగా ఉండే చిన్న నర్సింగ్ హోముకి ఇది భారమే కావచ్చు, ఎప్పుడూ నిండి ఉండే పెద్ద కార్పొరేట్ వార్డుకి కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఈ లెక్క ఇలా నడవదు. అక్కడ పోస్టు మంజూరు కావాలి, భర్తీ కావాలి, కాంట్రాక్టు మీద చేరినవాళ్ళని పర్మనెంట్ చేయాలి. ఆ మూడు ఫైళ్ళూ వార్డులో కాదు, సచివాలయంలో కదలాలి.